తలుపు వేసి అడగవలసిన ప్రశ్న

“సంతకం ఎక్కడ పెట్టాలో గీత పెట్టి ఉంచాను. అంతా చదవక్కర్లేదు,” అన్నాడు హాన్స్ మెక్‌ఫెరన్.

జెన్నెట్ చదువుతూనే ఉంది.

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు, తిరిగొచ్చాడు, కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. బయట సస్కెహానా నది మీద గడ్డకట్టిన మంచు మూలిగింది. మూడు రోజులుగా ఇదే వరస. మూలుగుతుంది గాని పగలదు. పగిలిందంటే మాత్రం నది దాటే దారి ఉండదు. వారం పది రోజుల దాకా ఈ ఒడ్డు నుంచి ఫిలడెల్ఫియాకి ఉత్తరం ముక్క కూడా పోదు.

“తపాలా మనిషి మధ్యాహ్నం దాకానే ఆగుతానన్నాడు. ఎండ పడ్డాక మంచు మీద గుర్రాన్ని నడపడట,” అన్నాడు మళ్ళీ.

“ఇది మా నాన్న చేను,” అంది జెన్నెట్, కాగితం మీంచి తల ఎత్తకుండా.

“మీ నాన్నదే. ఆయన నీకిచ్చాడు. ఇప్పుడు మనం ఆ క్రైడర్ ముసలమ్మకి ఇస్తున్నాం. పోయిందేముంది? ఏటా సగం చేను నదిలో మునిగేదే కదా.”

“ఆ మునగని సగంలోనే కదండీ ఇన్నేళ్ళూ మీ చొక్కాలన్నీ మొలిచాయి.”

పూర్వమైతే ఈ మాటకి హాన్స్ నవ్వేవాడు. ఆ అవిసె చేలో నార తీసి, వడికి, నేసి, కుట్టి, పంతొమ్మిదేళ్ళుగా అతని ఒంటి మీదికి బట్ట తెచ్చింది జెన్నెట్టే. ఇప్పుడతను నవ్వలేదు. చొక్కా చేతుల అంచులు ఒకసారి చూసుకుని కిందికి లాక్కున్నాడు.

ఇంత హడావిడి దేనికంటే, హాన్స్‌కి వచ్చిన పదవి వచ్చినట్టే ఉంది గాని చేతికి పూర్తిగా చిక్కలేదు. కిందటి శరదృతువులో, సెనేట్ వాళ్ళు సెలవుల్లో ఉండగా, అధ్యక్షుడు అతణ్ణి సుప్రీంకోర్టు జడ్జీగా వేశాడు. దేశం మొత్తానికీ ఆరుగురంటే ఆరుగురు, అందులో ఒకడు. నియామక పత్రం వచ్చిన రోజున రేవులో తుపాకులు పేల్చారు. అప్పటిదాకా కూర్చున్న జిల్లా జడ్జీ కుర్చీకి అతను ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చాడు. గుర్రమెక్కి, ఆ జడ్జీల ఆనవాయితీ ప్రకారం, దక్షిణాదిలో ఊరూరా కోర్టులు నడుపుకుంటూ నాలుగు నెలలు తిరిగొచ్చాడు. ఇప్పుడు ఫిలడెల్ఫియాలో సెనేట్ కూర్చుంది. సోమవారం నాడు వాళ్ళు ఔనంటే ఔను. కాదంటే ఈ కుర్చీ లేదు, ఆ కుర్చీ లేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంట్లో కూర్చుని మంచు మూలుగు వినాల్సిందే.

సరిగ్గా ఇప్పుడే అపొలోనియా క్రైడర్ అర్జీ పెట్టింది.

ఫిలడెల్ఫియా నుంచి స్నేహితుడు రాసిన ఉత్తరం బల్ల మీద విప్పే ఉంది. ‘ఆ జర్మను విధవ అర్జీ నువ్వంటే పడనివాళ్ళ చేతికి చిక్కింది. నన్ను ఆనాడు సరిగ్గానే అడిగారని ఆవిడ చేతనే రాయించి సోమవారంలోగా పంపు. లేకపోతే నీ పేరు నిలబడదు.’

“చేను పోతే నాకు బాధ లేదని అనను. ఉంది. అయినా ఇచ్చేస్తాను,” అంది జెన్నెట్. “ఆవిడకి మనం ఋణపడే ఉన్నాం. కానీ ఈ రెండో కాగితం ఎందుకు?”

“ఏ రెండో కాగితం?”

“చేను చేతిలో పెట్టి ఆవిడ చేత సంతకం పెట్టించబోయేది. ‘జడ్జీగారు నన్ను నా భర్త ఎదుట లేకుండా వేరే గదిలోకి పిలిచి, తలుపు వేసి, దస్తావేజులో ఏముందో నా భాషలో చెప్పించి, ఇష్టమేనా అని అడిగారు.’” చదవడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది. “ఎప్పుడడిగారండీ? నేనక్కడే ఉన్నాను కదా.”

హాన్స్ కిటికీ వైపు తిరిగాడు.

అడగలేదు, అదీ నిజం. మొగుడి ఆస్తిలో పెళ్ళానికి మూడోవంతు ఉంటుంది. ఆ భూమి అమ్మాలంటే జడ్జీ ఆమెని విడిగా పిలిచి, మొగుడు గుమ్మం బయట ఉండగా, నీకిష్టమేనా అని అడిగి తీరాలి. చట్టంలో ఉంది. కానీ ఆ జిల్లాలో ఏ జడ్జీ ఎవరిని అడిగాడు గనక? సంతరోజున బండి మీద మొగుడూ పెళ్ళాం దిగేవాళ్ళు. సత్రంలో ఆపిల్ కల్లు ముందు కూర్చున్న జడ్జీ, అడిగినట్టే రాసుకోండి అనేవాడు. గుమస్తా రాసేవాడు. ఆడది బండి మీంచి దిగకుండానే అడిగినట్టయిపోయేది. హాన్స్ అందరికంటే కాస్త నయం, ఇంటికి రమ్మనేవాడు.

పన్నెండేళ్ళ కిందట జోస్ట్ క్రైడర్ అలాగే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, హాన్స్‌కి జర్మను రాదు. ఆవిడ వంటింట్లో జెన్నెట్ పక్కన కూర్చుంది. హాన్స్ గుమ్మంలో నిలబడి, ఏమ్మా సమ్మతమేనా అన్నాడు. అతని భుజం పక్కనే నిలబడ్డ జోస్ట్ వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆవిడ తల ఊపింది. కొండ మీది అడవి ముక్క అమ్ముతున్నారనుకుంది. ఇల్లూ, పొలమూ, ఊట బావీ అన్నీ అందులో పోయాయని, కొన్నవాడి దయ మీద కౌలుకి ఉంటున్నామని, కిందటేడు జోస్ట్ చచ్చిపోయి ఆ కొన్నవాడు సామాను బయట పెట్టేదాకా ఆవిడకి తెలియదు.

“అందరూ అలాగే చేసేవాళ్ళు,” అన్నాడు హాన్స్ చివరికి.

“అందరినీ అధ్యక్షుడు పిలవలేదు.”

“జెన్నెట్!”

గొంతు పెంచలేదు. దక్షిణాది నుంచి వచ్చాక అతను గొంతు పెంచడం మానేశాడు, అదే ఆమెకి భయం. వచ్చిన మర్నాడే పెరట్లో బట్టలారేసే తాడు విప్పించేశాడు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అప్పటినుంచీ తడిబట్టలు కంచె మీద ఆరేస్తున్నారు.

అతను వంగి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. మెత్తగా, చాలా మెత్తగా.

“ఇజబెల్ ఫిలడెల్ఫియాలో బాగా చదువుకుంటోందని రాసింది కదూ?”

“ఇప్పుడు ఇజబెల్ మాటెందుకు?”

“దానికి పన్నెండేళ్ళు. అది ఎక్కడుండాలో, ఎవరి దగ్గర పెరగాలో, ఎవర్ని చూడొచ్చో, ఎవర్ని చూడకూడదో, చట్టం ప్రకారం తండ్రి చెప్తాడు. తల్లి కాదు. నువ్వు జడ్జీ పెళ్ళానివి, నీకు తెలియనిదా?”

జెన్నెట్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే అతను వదులుతాడో వదలడో చూడాలనిపించలేదు.

“స్క్వయర్ ఈవింగ్‌కి కబురు పంపాను. వచ్చి నీ సమ్మతి రాసుకుంటాడు. రెండు నిమిషాల పని,” అన్నాడు హాన్స్.

*

వంటింట్లో గ్రిజెల్ మొక్కజొన్న సంకటి కలుపుతోంది. హాన్స్‌కి అక్క. తల్లి పోయాక ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి తనే పెంచింది, ఆ పెంచడం ఇంకా మానలేదు. తెడ్డు చేతిలో ఉంటే ఆవిడతో మాట్లాడకూడదు. తెడ్డు చేతిలో లేని పూట లేదు.

“ఏడ్చావా?” అంది మరదల్ని చూడగానే.

“లేదు వదినా.”

“ఏడవాల్సింది. ఏడిస్తే మా వాడు కరుగుతాడు. నువ్వేమో వాదిస్తావు. వాదించడం వాడి కూడు. అందులో నువ్వెక్కడ గెలుస్తావే పిచ్చిదానా?”

“నేను వాదించలేదు. అడిగాను.”

“అదింకా పాడు.” గ్రిజెల్ తెడ్డు కుండ అంచుకి కొట్టి విదిలించింది. “పదకొండెకరాల బురద. దాని కోసం మొగుడి ప్రాణం తోడేస్తావా? వాడి కోసం నేను మిల్లు ఆయన సంబంధమే వదులుకున్నాను.”

“ఆయనకి పళ్ళు లేవని మీరే వద్దన్నారు కదా వదినా.”

“పళ్ళు లేకపోతేనేం, మిల్లుంది కదే!”

వేరే రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. గ్రిజెల్‌కి నవ్వు మూతి దాకా వచ్చింది కూడా, అక్కడే ఆగిపోయింది. ముందుగది వైపు గడ్డంతో చూపించి గొంతు తగ్గించింది.

“పొద్దున పలహారాల వేళకి వచ్చింది. పై శాలువ తియ్యలేదు, పొయ్యి దగ్గరికి జరగలేదు, ఓట్స్ రొట్టె పెడితే ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుంది. శవం దగ్గర కూర్చున్నట్టు. నాకు వెన్నులో చలి పుడుతోందమ్మాయ్.”

“ఆవిడ తప్పేముంది?”

“తప్పని ఎవరన్నారు?” గ్రిజెల్ సంకటి కుండ పొయ్యి మీంచి దించింది. కాసేపు దాని ఆవిరి వైపే చూసింది. “వాడు అక్కడ ఒకణ్ణి ఉరి తీయించాడు. నీకు చెప్పాడా?”

జెన్నెట్ తల అడ్డంగా ఊపింది. “లేదు.”

“నాకూ చెప్పలేదు. మొన్న కుర్చీలో కూర్చునే కునుకు తీస్తూ అన్నాడు. ‘తొందరగా కానివ్వండి’ అన్నాడు. అంతే. రెండుసార్లు. తొందరగా కానివ్వండి.” ఆవిడ తెడ్డు కడగడానికి తీసి, కడగకుండానే మళ్ళీ కింద పెట్టింది. “ఆ కుర్చీ కూడా దక్కకపోతే వాడేమైపోతాడో నాకు తెలియదు. నువ్వూ నేనూ ఇదే కప్పు కింద ఉండాలి. అది ఆలోచించుకో.”

“ఇజబెల్‌ని చూపించనంటున్నాడు వదినా.”

గ్రిజెల్ గభాలున తలెత్తింది. ఏదో అనబోయింది. ఇన్నేళ్ళలో ఆ నోటికి మాట దొరక్కపోవడం జెన్నెట్ చూడటం అదే మొదలు.

“మజ్జిగ పట్టుకెళ్ళు ఆవిడకి,” అంది చివరికి. “చల్లారక ముందే సంకటి కూడా పెట్టు. తిననంటే నీ ఇష్టం.”

*

అపొలోనియా క్రైడర్‌కి అరవై దాటి ఉంటాయి. నల్ల టోపీ నాడాలు గడ్డం కింద ముడేసి ఉన్నాయి. పన్నెండేళ్ళలో ఆవిడ ఇంగ్లీషు నేర్చుకుంది. సంతలో వెన్న అమ్ముతూ, అల్లుడి పిల్లల్ని ఆడిస్తూ నేర్చుకున్న భాష. మాటలు తక్కువ, తడబాటు లేదు.

మజ్జిగ గిన్నె వైపు చూసింది. “ఆ రోజూ మజ్జిగే ఇచ్చావు.”

జెన్నెట్ ఎదురుగా బల్ల మీద కూర్చుంది. “చేను మంచిదమ్మా. ఎగువ సగం మునగదు. తీసుకోండి.”

“తెలుసు. మీ అవిసె పూతకి వస్తే మా గుమ్మంలోంచి కనపడేది, నీలంగా. ఇప్పుడా గుమ్మంలో ఇంకెవరో నిలబడి చూస్తారు.”

పక్కగదిలో హాన్స్ పచార్లు చేస్తున్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు గోడ దగ్గరిదాకా వచ్చి ఆగింది. మళ్ళీ కదిలింది.

“ఆ రోజు మగవాళ్ళు అటు తిరిగాక నిన్నొకటి అడిగాను. మాట రాక, చేతులతో అడిగాను. గుర్తుందా?” అంది అపొలోనియా.

“గుర్తుంది.”

“ఏం అడిగాను?”

“వాళ్ళు మిమ్మల్ని ఏమడిగారో చెప్పమన్నారు.”

“నువ్వు నా చెయ్యి తట్టి రొట్టె పెట్టావు. వెన్న కూడా రాశావు.”

జెన్నెట్‌కి మొహం కాలిపోయింది. మీ భాష నాకు రాదు కదమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగేసింది. చేతులతో అడిగినదానికి చేతులతో చెప్పొచ్చు. కిటికీలోంచి ఆవిడ ఇల్లు చూపించి, పోయిందని సైగ చేస్తే సరిపోయేది.

“నాకు తెలుసు. చెప్పలేదు,” అంది. “ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నారు.”

“ఊఁ. మా ఆయనా గుమ్మంలోనే ఉన్నాడు.”

అపొలోనియా మొదటిసారి మజ్జిగ గిన్నె చేతిలోకి తీసుకుంది. తాగలేదు, పట్టుకుంది.

“నేను సంతకం పెడతాను,” అంది. “నన్ను సరిగ్గా అడిగారని పెడతాను. అబద్ధమని తెలిసే పెడతాను. కూతురింట్లో వంటింటి మూల పడుకుంటున్నాను. పొద్దున్నే పిల్లలు నా మీంచి దాటుకుని పోతారు. ఆ పదకొండెకరాల్లో ఒక గుడిసె వేసుకుంటే నా మీంచి ఎవరూ దాటరు. కానీ ఒక్క మాట, ఫ్రౌ మెక్‌ఫెరన్. నేనిచ్చినట్టు నువ్వు ఇవ్వకూడదు. నిన్ను విడిగా పిలవాలి, తలుపెయ్యాలి, అడగాలి. అప్పుడు నువ్వు సరేనంటే నేను తీసుకుంటాను. అలా అడక్కపోతే నాకు ఆ చేనొద్దు, నా సంతకమూ లేదు.”

“నేను కాదంటే మీకేమీ దొరకదమ్మా.”

“ఇప్పుడేం దొరికిందని?”

“నాకూ ఏమీ మిగలదు.” జెన్నెట్ గొంతు తగ్గించింది. “మా అమ్మాయి...”

అంతవరకే అంది. పక్కగదిలో అడుగుల చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

అపొలోనియా గోడ వైపు చూసింది, జెన్నెట్ వైపు చూసింది. మజ్జిగ గిన్నె కింద పెట్టేసింది.

“అందుకే తలుపు వేసి అడగమనేది,” అంది.

*

స్క్వయర్ ఈవింగ్ బూట్ల నిండా బురదతో, చెవులు ఎర్రబడి వచ్చాడు. ఊరికి న్యాయాధికారి. ఆ ఉద్యోగం అతనికి హాన్స్ ఇప్పించిందే. మనిషి మంచివాడు, అంటే ఎవరితోనూ గొడవ పడడు. వస్తూనే పొయ్యికి వీపు పెట్టి, కోటు తోకలు పైకెత్తుకుని నిలబడ్డాడు.

“మంచు మీద నీళ్ళు ఊరుతున్నాయండోయ్. తపాలా మనిషి గుర్రానికి జీను కట్టేశాడు, మీ కాగితాల కోసమే చూస్తున్నాడు,” అన్నాడు. “గ్రిజెలమ్మా, సంకటి వాసన రేవు దాకా వస్తోంది.”

“వాసన ఉచితం,” అంది గ్రిజెల్ గుమ్మంలోంచి. “తినాలంటే ముందు పని కానివ్వండి.”

హాన్స్ బల్ల దగ్గర కూర్చుని సిరాలో కలం ముంచాడు. “ఏం జెన్నెట్, సమ్మతమే కదా? రాసుకో ఈవింగ్.”

“సమ్మతమనే అంటున్నారుగా...” అంటూ ఈవింగ్ కోటు జేబులోంచి మడత కాగితం తీశాడు.

జెన్నెట్ ఇంకా నోరు విప్పలేదు.

అపొలోనియా లేచి నిలబడింది. “తలుపు,” అంది.

“ఏమిటమ్మా?”

“తలుపు వేసి అడగాలి. ఈయన ఇక్కడ, ఆమె అక్కడ.”

హాన్స్ కలం పక్కన పెట్టాడు. “మిసెస్ క్రైడర్, మా ఇంట్లో మాకు దాపరికాలు లేవు. నా భార్యని మీ ముందే అడుగుతున్నాం. ఇంతకంటే బాహాటంగా ఏముంటుంది?”

“నన్ను కూడా అందరి ముందే అడిగారు,” అంది అపొలోనియా.

ఈవింగ్ కోటు తోకలు వదిలేశాడు. అతని కళ్ళు హాన్స్ మీదికీ ఆ ముసలావిడ మీదికీ రెండు మూడుసార్లు తిరిగాయి. భయపడ్డవాడికి కూడా ఒక్కోసారి తెలివి పుడుతుంది.

“జడ్జీగారూ, వేరేగా అనుకోకండి,” అన్నాడు. “ఒక అర్జీ ఫిలడెల్ఫియా దాకా వెళ్ళింది. ఈవిడ వెళ్ళి ఇంకోటి నా మీద పెడితే? రెండు నిమిషాలే కదా. పక్కగదిలోకి పిలిచి అడిగేస్తాను, మీ దస్తావేజుకి కూడా బలం.”

“అలాగే,” అన్నాడు హాన్స్.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. లేచి వెళ్ళి తన చదువుగది తలుపు తనే తీసి పట్టుకున్నాడు. చిరునవ్వు కూడా నవ్వాడు. జెన్నెట్ అతని పక్కనుంచి లోపలికి వెళ్తుంటే, చెవి దగ్గరికి వంగి, పెళ్ళైన కొత్తల్లో ప్రార్థన మధ్య గుసగుసలాడినట్టు అన్నాడు:

“ఇజబెల్ ఉత్తరం రేపో మాపో వస్తుంది. దానికి జవాబు రాయాలని లేదూ నీకు?”

తలుపు మూసుకుంది.

*

చదువుగదిలో నిప్పు లేదు. ఈవింగ్ చేతులు రుద్దుకుని, హాన్స్ కుర్చీలో కూర్చోబోయి, ఎందుకో మానేసి, ముక్కాలిపీట లాక్కున్నాడు. మడత కాగితం విప్పి మోకాలి మీద పరిచాడు.

“కూర్చోండమ్మా. అడగాల్సింది అడుగుతాను, చెప్పాల్సింది చెప్పండి. మీకు తెలియని తతంగమా ఇది?”

“నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు స్క్వయర్ గారూ. నాకు తెలియదు.”

ఆమె కూర్చుంది. కూర్చున్నచోటి నుంచి ఆ కాగితం తలకిందులుగా కనిపిస్తోంది. పంతొమ్మిదేళ్ళుగా మొగుడి తీర్పులకు నకళ్ళు రాసిపెట్టినది కాబట్టి తలకిందులైనా ఆ దస్తూరీ పోల్చుకోవడానికి ఆమెకి క్షణం పట్టలేదు. అక్షరం అక్షరం హాన్స్‌ది. ‘జెన్నెట్ మెక్‌ఫెరన్‌ని భర్త సమక్షంలో కాకుండా విడిగా విచారించగా, ఏ ఒత్తిడీ లేకుండా స్వేచ్ఛగా సమ్మతించినట్టు తెలిపినది.’ కింద ఈవింగ్ సంతకం. సిరా ఆరిపోయి నల్లబడింది. ఇవాళ పెట్టింది కాదు.

“ఇది ఎప్పుడు రాశారు?” అని అడిగింది.

ఈవింగ్ అరచెయ్యి కాగితం మీద కప్పాడు. “ముందుగా రాసుకోవడం పద్ధతమ్మా. చలికి సిరా గడ్డకడుతుంది కదా...”

“నా జవాబు కూడా గడ్డకడుతుందా?”

“నన్ను ఇరికించకండి. నిన్న రాత్రి వచ్చి సంతకం అడిగారు. కాదనగలనా?” అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. “నాకు ఐదుగురు పిల్లలు. ఆయన పెద్ద కోర్టుకి వెళ్ళినా ఆయనే, ఊళ్ళో ఉండిపోయినా ఆయనే. అడగడం నా వంతు, అడుగుతాను. మీరు ఊఁ అంటే ఈ కాగితం నిజమైపోతుంది. అబద్ధం ఎక్కడా మిగలదు, ఆలోచించండి. ముసలావిడకి చేను వస్తుంది. జడ్జీగారికి కుర్చీ దక్కుతుంది. మీ అమ్మాయి మీకు దక్కుతుంది.”

“మా అమ్మాయి సంగతి మీకెవరు చెప్పారు?”

ఈవింగ్ కాగితం వైపు తల దించాడు. చెవులు ఇంకా ఎర్రబడ్డాయి.

జెన్నెట్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ముందుగదిలో ఆ ముసలావిడ కూర్చున్నట్టే తనూ కూర్చుందని ఆమెకే తోచింది. ఊఁ అంటే నిజంగానే అందరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. ఒక్క చేనే పోతుంది. చేను ఇవ్వడానికి ఆమెకి ఇష్టమే. ఇష్టమా కాదా అని మాత్రమే అడిగి ఊరుకుంటే ఎంత బాగుండును!

“అడగండి,” అంది.

ఈవింగ్ గొంతు సవరించుకున్నాడు. చట్టంలోని మాటలు అతనికి నోటికి రావు. అలవాటు లేదు పాపం. కాగితం వెనక రాసుకొచ్చినది చూసి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

“జెన్నెట్ మెక్‌ఫెరన్. ఈ భూమిని నీ ఇష్టంతోనే ఇస్తున్నావా? నీ భర్త బలవంతం గాని, ఆయన బెదిరింపు గాని, ఆయనకి కోపం వస్తుందనే భయం గాని లేకుండా ఇస్తున్నావా?”

ఎవరు రాశారో గాని, ఆ మాట రాసినవాడికి ఆడవాళ్ళ సంగతి తెలుసు అనుకుంది జెన్నెట్. ఇన్నేళ్ళ కాపురంలో అమ్మ అడగలేదు, చర్చి గురువుగారు అడగలేదు, ఇరుగుపొరుగు అడగలేదు. ఆఖరికి చట్టమడిగింది, చలికి వణుకుతున్న ఈ ఈవింగ్ నోటితో.

“భయం ఉంది,” అంది.

మెల్లగానే అంది. గది చిన్నది.

“వినపడలేదమ్మా,” అన్నాడు.

వినపడింది. అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. కళ్ళతో బతిమాలుతున్నాడు. “నది మోతకి వినపడలేదు. నిదానంగా ఆలోచించుకుని ఇంకోసారి చెప్పండి. తొందరేం లేదు. మీరు ఏం చెప్పారనేది నేనూ మీరూ తప్ప మూడోమనిషికి తెలియదు, అందుకే కదా తలుపేసింది?”

జెన్నెట్ తలుపు వైపు చూసింది. తలుపుకీ నేలకీ మధ్య వేలెడు సందు ఉంది. ముందుగది కిటికీ వెలుగు ఆ సందులోంచి చార కట్టి లోపలికి పడుతోంది. ఆ చార మధ్యలో రెండుచోట్ల నల్లగా తెగి ఉంది. రెండు బూట్ల మేర. ఆ నీడలు కదలడం లేదు.

ఎప్పటినుంచి నిలబడ్డాడో!

“అమ్మా,” అన్నాడు ఈవింగ్ గొణుగుతూ. అతనూ చూశాడు. “దేవుడి మీద ఆన, ఇంకోసారి ఆలోచించండి.”

జెన్నెట్ లేచింది. గౌను కుచ్చిళ్ళు సర్దుకుంది. ఈసారి ఆమె స్క్వయర్ వైపు చూడలేదు. తలుపుకి ఎదురుగా తిరిగింది.

“భయం ఉంది,” అంది, అవతలివాడికి ప్రతి అక్షరమూ వినపడేలా. “నా భర్త అంటే నాకు భయం ఉంది. అదే రాయండి.”

ముందుగదిలో గ్రిజెల్ చేతిలోంచి గిన్నె జారిపడ్డ చప్పుడైంది.

తలుపు గడియ అవతలి నుంచి మెల్లగా, చాలా మెల్లగా, పైకి లేవసాగింది.